అనుగ్రహానికీ హక్కుకూ నడుమ: మోజెస్ మెండెల్సన్ జీవితం

1743వ సంవత్సరం శరదృతువులో పదునాలుగేండ్ల బాలుడొకడు జర్మనీలోని డెస్సౌ పట్టణంనుండి కాలినడకన బయలుదేరి, నూరు కిలోమీటర్లకు మించిన దారి నడచి, బెర్లిన్ నగరం చేరినాడు. ప్రష్యా రాజ్యానికి రాజధాని అయిన ఆ నగరానికి ద్వారాలు అనేకం. యూదులు ప్రవేశింపదగిన ద్వారం మాత్రం ఒక్కటే. దాని పేరు రోజెంతాల్ ద్వారం. పశువులను తోలుకొనివచ్చే దారి కూడ అదే. బాలుడు యూదుడు. వీపున గూని, మాటలో నత్తి, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఎందుకు వచ్చినావని కావలివాడు గద్దించి అడుగగా, చదువుకొనడానికి అని మాత్రమే చెప్పగలిగినాడని ప్రతీతి.

ఇరువది యేండ్లు గడచినవి. బెర్లిన్ విజ్ఞానపరిషత్తు ప్రకటించిన తత్త్వశాస్త్రపు పోటీలో ఆ యూదుడే ప్రథమ బహుమానం పొందినాడు. రెండవ స్థానం పొందినవాడు ఇమాన్యుయెల్ కాంట్! యూరపు ఖండపు పండితులు, ప్రభువులు బెర్లిన్ వచ్చినప్పుడు ఆయన యింటికి పోయి దర్శించి వెళ్లడం మర్యాద అయిపోయినది. అయినా ఆయన చనిపోయిననాటివరకు తాను నివసించిన దేశంలో పౌరుడు కాలేదు. రాజు దయతలచి ఇచ్చిన ఒక కాగితపు ముక్క ఆధారంగానే ఆయన ఆ నగరంలో బ్రతికినాడు. ఆ మహనీయుడే మోజెస్ మెండెల్సన్.

సంఖ్యలో తక్కువవారైన ప్రజలను ఎక్కువవారు రెండు విధాల బాధించగలరు. అందరినీ ఒక్కటిగా కట్టి త్రోసివేయడం మొదటిది. వారిలో ఒకరిని ఎన్నుకొని, నీవు మీవారివంటివాడవు కావని మెచ్చి, ప్రక్కన కూర్చుండబెట్టుకొనడం రెండవది. మొదటిది దెబ్బ అని అందరికీ తెలుసు. రెండవది కూడ దెబ్బయే అని తెలుసుకొనడం కష్టం. మెండెల్సన్ ఈ రెండింటినీ జీవితమంతా అనుభవించినాడు. ఆయన ఆ రెంటినీ ఎట్లా భరించినాడో తెలుసుకొనదగినది.

పేదయింటి పిల్లవాడు

మోజెస్ 1729 సెప్టెంబరు 6వ తేదీన డెస్సౌలో జన్మించినాడు. తండ్రి మెండెల్, యూదుల ధర్మగ్రంథమైన తోరాను తోలుపత్రాలపై చేతితో వ్రాసే లేఖకుడు. పిల్లలకు చదువు చెప్పి పొట్టపోసుకొనేవాడు. మెండెల్ కుమారుడు అనే అర్థంలోనే మెండెల్సన్ అనే పేరు తరువాత ఏర్పడినది. ఊరి రబ్బీ, అనగా యూదు మతాచార్యుడు, డేవిడ్ ఫ్రెంకెల్ ఆ బాలుని మేధను గుర్తించి శిష్యునిగా చేర్చుకొన్నాడు. మధ్యయుగపు యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ రచించిన గొప్ప గ్రంథం 1742లో డెస్సౌకు సమీపంలోనే అచ్చయినది. పదమూడేండ్ల మోజెస్ రాత్రింబవళ్లు దానిపై వంగి కూర్చుండి చదివినాడు. తన వెన్ను వంగిపోవడానికి ఆ గ్రంథమే కారణమని పెద్దవాడైన తరువాత నవ్వుతూ చెప్పుకొనేవాడు.

మరుసటి సంవత్సరం ఫ్రెంకెల్‌కు బెర్లిన్‌లో ప్రధాన రబ్బీ పదవి లభించినది. గురువు వెళ్లిపోతే చదువు ఆగిపోతుంది. అందుచేతనే శిష్యుడు ఆయన వెనుక నడచివచ్చినాడు. బెర్లిన్‌లో గురువుగారి దయవల్ల వారంలో కొన్నినాళ్లు భోజనం దొరికేది. ఒక అటక మీద పడుక. కొన్న రొట్టెపై గీతలు గీసుకొని, ఈ గీత దాటితే రేపటికి లేదని లెక్క చూసుకొని తినేవాడని చెప్పుకొంటారు.

ఆ పేదరికంలోనే విద్యార్జన సాగినది. ఇజ్రాయెల్ సమోష్ అనే పండితుడు గణితం నేర్పినాడు. కిష్ అనే వైద్యవిద్యార్థి లాటిన్ మొదలుపెట్టించినాడు. గుంపెర్జ్ అనే ధనికయువకుడు ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల దారి చూపినాడు. ఆంగ్లతత్త్వవేత్త లాక్ గ్రంథానికి లాటిన్ అనువాదం ఒకటి సంపాదించి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, మాటకు మాట వెదకికొంటూ చదివినాడు. అన్నిటికంటె ముఖ్యంగా జర్మన్ భాషను నేర్చుకొన్నాడు. ఆనాటి యూదుల యిండ్లలోని భాష జర్మన్‌కు దగ్గరిదే అయినా వేరైనది, హెబ్రూ లిపిలో వ్రాయబడేది. జర్మన్ గ్రంథాలు చదవడం మతధర్మానికి హాని అని యూదుపెద్దలలో పలువురు భావించేవారు. మెండెల్సన్ కొరకు ఒక జర్మన్ పుస్తకం మోసుకొనిపోతూ పట్టుబడిన కుర్రవానిని యూదుసంఘపు పెద్దలు బెర్లిన్‌నుండి వెళ్లగొట్టించినారని ఒక గాథ ఉన్నది. బయటివారి దురభిమానం ఒకవైపు, తమవారి భయం మరొకవైపు: ఈ రెండు గోడల నడుమ ఇరుకుసందులో ఆయన చదువు సాగినది.

ఆరు తరగతుల చట్టం

ఆనాటి ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్. యుద్ధవిజేత, ఫ్రెంచి కవిత్వం వ్రాసేవాడు, మురళి వాయించేవాడు, వొల్టేరు వంటివారిని ఆస్థానంలో ఉంచుకొన్నవాడు. తన రాజ్యంలో ఎవరి మతం వారిదని ప్రకటించిన ఉదారుడు. ఆ ఉదారుడే 1750లో యూదుల కొరకు ఒక శాసనం చేసినాడు. దాని ప్రకారం రాజ్యంలోని యూదులు ఆరు తరగతులు. పై తరగతివారు కొద్దిమంది ధనికులు. వారి నివాసాధికారం పిల్లలకు సంక్రమిస్తుంది. రెండవ తరగతివారు తమ సంతానంలో ఒక్కరికి మాత్రం ఆ అధికారం ఇవ్వగలరు. మూడవ తరగతివారి అధికారం వారి జీవితంతోనే సరి. ఆ దిగువన సంఘపు ఉద్యోగులు, కేవలం సహింపబడేవారు, చిట్టచివర ధనిక యూదుల కొలువులో ఉన్న సేవకులు. ఈ చివరి తరగతివానికి కొలువు ఉన్నంతవరకే నగరం. యజమాని పొమ్మంటే ఊరు విడిచిపోవలసినదే.

ఈ నిచ్చెనలోని రహస్యం గమనింపదగినది. అందరినీ సమానంగా తొక్కితే అందరూ ఒక్కటి కావచ్చు. ఒక్కొక్కరికి ఒక్కొక్క మెట్టు ఇచ్చినట్లయితే, ప్రతివాడూ తన మెట్టు జారిపోకుండా కాపాడుకొనడంలోనే కాలం గడుపుతాడు. ధనం ఉన్నవాడు రాజుకు పనికివస్తాడు గనుక ఉండవచ్చు. లేనివాడు బరువు గనుక పోవలె. మనుష్యుని విలువ ఖజానాకు వచ్చే రాబడినిబట్టి నిర్ణయమైనది.

మెండెల్సన్ ఆ నిచ్చెనలో అట్టడుగు మెట్టునే ఉన్నాడు. అదే 1750లో ఐజాక్ బెర్న్‌హార్డ్ అనే పట్టువస్త్రాల వ్యాపారి తన పిల్లలకు చదువు చెప్పడానికి ఆయనను నియమించినాడు. నాలుగేండ్లకు కర్మాగారంలో లెక్కలు వ్రాసే గుమాస్తా అయినాడు. 1761లో మేనేజరు అయినాడు. యజమాని చనిపోయిన తరువాత ఆయన భార్యతో కలిసి భాగస్వామి అయినాడు. జీవితాంతం పగటి వేళ పట్టు, నూలు, చిఠ్ఠా ఆవర్జాలు. రాత్రివేళ ప్లేటో, లీబ్నిజ్. పండితుడుగా ఖండమంతటా పేరు వచ్చిన తరువాత కూడ ఆయన జీవనోపాధి పాండిత్యం కాదు, పట్టు వ్యాపారమే. విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకపదవి ఒక యూదునికి దొరికే కాలం కాదది.

చదరంగపు స్నేహం

1754లో గుంపెర్జ్ ద్వారా ఆయనకు లెస్సింగ్ అనే యువరచయితతో పరిచయమైనది. చదరంగం ఆటలో మొదలైన ఆ పరిచయం జర్మన్ సాహిత్యచరిత్రలో ప్రసిద్ధమైన స్నేహంగా పరిణమించినది. ఇద్దరిదీ ఒకే వయస్సు. లెస్సింగ్ క్రైస్తవ మతాచార్యుని కుమారుడు. మెండెల్సన్‌ను చూడకముందే, 1749లో, యూదులు అనే చిన్న నాటకం వ్రాసినాడు. అందులో ఒక ప్రభువును దొంగలబారినుండి రక్షించిన ఉత్తముడు చివరకు యూదుడని తెలుస్తుంది. నాటకం 1754లో అచ్చయినప్పుడు గ్యోటింగెన్ విశ్వవిద్యాలయ పండితుడు మిఖాయెలిస్ విమర్శ వ్రాస్తూ, ఆ జాతిలో అంతటి ఉత్తముడు ఉండడం నమ్మదగినది కాదన్నాడు.

ఆ విమర్శ చదివిన మెండెల్సన్ మనస్సు గాయపడినది. విద్వాంసుడు కాని జనం తిట్టితే సహింపవచ్చు. విద్వాంసుడే ఒక జాతికంతటికీ సద్గుణం లేదని తీర్పు చెబితే ఎట్లా సహించడం? తన బాధను ఒక లేఖగా గుంపెర్జ్‌కు వ్రాసినాడు. లెస్సింగ్ ఆ లేఖను పేరు చెప్పకుండా ప్రకటించి, నాటకంలోని యూదుడు కల్పన కాదని లోకానికి చూపినాడు. మరుసటి సంవత్సరం మెండెల్సన్ వ్రాసిన తత్త్వసంవాదాలను, చదివి చూడుమని ఇచ్చిన వ్రాతప్రతిని, ఆయనకు చెప్పకుండానే అచ్చువేయించి పుస్తకంగా చేతికి ఇచ్చినాడు. ఆ విధంగా ఇరువదియారేండ్ల గుమాస్తా గ్రంథకర్త అయినాడు.

లెస్సింగ్ స్నేహం రాజుగారి అనుగ్రహం వంటిది కాదు. ఆయన మెండెల్సన్‌ను యూదులలో మినహాయింపుగా చూడలేదు. మనుష్యులలో మనుష్యునిగా చూచినాడు. ఈ భేదమే తరువాతి కథకంతటికీ కీలకం.

రాజు ఇచ్చినది, రాజు ఇవ్వనిది

1760లో ఫ్రెడరిక్ రాజు కవితలు ఫ్రెంచిలో వెలువడినవి. మెండెల్సన్ వాటిని ఒక పత్రికలో సమీక్షించినాడు. మర్యాద తప్పలేదు, కాని జర్మన్ ప్రభువు తన భాషను వదలి పరభాషలో వ్రాయడం నష్టమని, ఆత్మ నశిస్తుందనే వాదం బలహీనమని నిర్మొగమాటంగా వ్రాసినాడు. నగరంలో నిలవడానికే స్వంత హక్కు లేనివాడు రాజు కవిత్వాన్ని తూచి చెప్పడం సామాన్యమైన సాహసం కాదు.

1762లో హాంబుర్గ్‌కు చెందిన ఫ్రోమెట్ గుగెన్‌హైమ్ అనే కన్యను వివాహమాడినాడు. మరుసటి యేడు పోటీలో బహుమానం వచ్చినది. అప్పటికీ ఆయన నివాసం యజమాని కొలువుమీదనే ఆధారపడియున్నది. ఈ సంగతి రాజాస్థానంలోని ఫ్రెంచి రచయిత మార్కీ దార్జాన్స్‌కు తెలిసి ఆశ్చర్యపడినాడు. రాజుకు విన్నపం పెట్టుకొమ్మని ప్రోత్సహించినాడు. మెండెల్సన్ మొదట అంగీకరింపలేదు. న్యాయంగా బ్రతికే మనిషి తాను బ్రతకడానికి అనుమతి యాచించవలసిరావడం ఆయనకు అవమానంగా తోచినది. కాని భార్య, పుట్టబోయే బిడ్డలు ఉన్నారు. చివరకు విన్నపం వ్రాసినాడు. దానికి జవాబు లేదు. దార్జాన్స్ పట్టుపట్టి రెండవసారి ఇప్పించినాడు. 1763 అక్టోబరులో రక్షణపత్రం వచ్చినది. ఆయనను మూడవ తరగతిలో, అసాధారణ రక్షితుడైన యూదునిగా, చేర్చినారు.

ఆ పత్రం ఆయనకే, ఆయన జీవితకాలానికే. తరువాత కొన్నేండ్లకు దానిని తన సంతానానికి వర్తింపజేయుమని వేడుకొనగా రాజు నిరాకరించినాడు. తండ్రి కన్నుమూసిననాడు పిల్లలు పరదేశులు అవుతారన్నమాట.

1767లో ఫేడోన్ అనే గ్రంథం వెలువడినది. చెరసాలలో విషపాత్ర ముందుంచుకొని సోక్రటీసు శిష్యులతో ఆత్మ అమరత్వాన్ని చర్చించిన సందర్భాన్ని, ప్లేటోను అనుసరించి, తన కాలపు తర్కంతో తిరిగి రచించినాడు. అది అనేక భాషలలోనికి అనువాదమైనది. జనులు ఆయనను బెర్లిన్ సోక్రటీసు అన్నారు. 1771లో విజ్ఞానపరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. రాజు సంతకం చేయలేదు. ఎన్నిక అంతటితో ముగిసినది. ఆ పరిషత్తే బహుమానం ఇచ్చినది. అందులో కుర్చీ మాత్రం దొరకలేదు.

మెచ్చుకోలులోని ముల్లు

రాజు నిరాకరణకంటె లోతైన గాయం ఒక అభిమానివల్ల కలిగినది. స్విట్జర్లండులోని జూరిక్ నగరానికి చెందిన యువ క్రైస్తవ మతబోధకుడు లావాటర్ లోగడ బెర్లిన్ వచ్చి మెండెల్సన్‌ను చూచి, ఆయన శీలానికి, జ్ఞానానికి ముగ్ధుడై వెళ్లినాడు. ఇంత ఉత్తముడు యూదుడుగా ఎట్లా ఉండగలడని అతనికి సందేహం. 1769లో క్రైస్తవమతాన్ని సమర్థించే ఒక ఫ్రెంచి గ్రంథాన్ని జర్మన్‌లోనికి అనువదించి, దానిని మెండెల్సన్‌కు అంకితం ఇచ్చినాడు. అంకితపత్రంలో సవాలు చేసినాడు: ఈ వాదాలను బహిరంగంగా ఖండింపవలె, లేదా సత్యశోధకునికి తగినట్లు మతం మారవలె.

ఆ సవాలులోని ఇరకాటం యోచించండి. ఖండిస్తే, రాజ్యపు మతాన్ని ఒక యూదుడు దూషించినాడనే నింద వచ్చి నిరాశ్రయులైన సాటి యూదులపై పడుతుంది. ఖండింపకుంటే, జవాబు లేక మౌనం వహించినాడంటారు. మెండెల్సన్ మూడవ దారి త్రొక్కినాడు. బహిరంగ లేఖ ప్రకటించి, తన మతాన్ని తాను పరీక్షించుకొనియే దానిలో నిలిచినానని, ఇతరులను తన మతంలోనికి త్రిప్పడం యూదుధర్మం కాదని, పరమతంలోని సజ్జనులను అది సజ్జనులుగానే గౌరవిస్తుందని వివరించినాడు. యూదుడు అడుగుపెట్టరాని పట్టణాలు ఎన్నో ఉన్న కాలంలో యూదునితో సమానస్థాయి వాదానికి దిగడంలోని అన్యాయాన్ని కూడ సున్నితంగా స్ఫురింపజేసినాడు. లావాటర్ క్షమాపణ చెప్పుకొన్నాడు. కాని వాదోపవాదాల ఒత్తిడికి మెండెల్సన్ ఆరోగ్యం చెడిపోయినది. 1771లో ఒక విధమైన నరాలవ్యాధి వచ్చి, కొన్నేండ్లపాటు తత్త్వచింతన మాని ఉండవలసినదని వైద్యులు కట్టడి చేసినారు.

నగరంలోనూ, దారులలోనూ అవమానం వెన్నంటియే ఉన్నది. 1776లో డ్రెస్డెన్ నగరానికి వెళ్లగా, ద్వారం వద్ద పశువుకు వసూలు చేసేటంత శరీరసుంకం ఆయనచేత కట్టించుకొన్నారు. మరుసటి సంవత్సరం క్యోనిగ్స్‌బర్గ్‌లో కాంట్ ఉపన్యాసం వినడానికి వెళ్లినప్పుడు, గూనివాడైన యూదుని చూచి విద్యార్థులు ఎగతాళి చేసినారని, కాంట్ వేదిక దిగివచ్చి ఆలింగనం చేసికొనగా తరగతి అంతా దారి తొలగి నిలుచున్నదని కథ ప్రచారంలో ఉన్నది.

1780లో ఒక స్నేహితునికి వ్రాసిన లేఖలో, తాను భార్యాబిడ్డలతో సాయంకాలం షికారు పోవడం గూర్చి ప్రస్తావించినాడు. వీధికుర్రలు వెంటబడి యూదులని కేకలు వేసి రాళ్లు రువ్వుతారు. తాము వీరికి ఏమి అపకారం చేసినామని పసిబిడ్డలు తండ్రిని అడుగుతారు. యూరపునంతటినీ వాదంలో ఒప్పించగల తత్త్వవేత్త దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. రాజు ఇచ్చిన రక్షణపత్రం రాళ్లకు అడ్డం రాదు. వీధిలో ఆయన మినహాయింపు కాదు, వట్టి యూదుడే.

పలుకుబడిని ఏమి చేసినాడు?

ఇట్టి స్థితిలో మనిషికి రెండు ప్రలోభాలు కలుగుతవి. తనవారిని వదలి పైమెట్టు చేరడం ఒకటి. లోకాన్ని ద్వేషించి తలుపు మూసికొనడం రెండవది. మెండెల్సన్ రెండింటికీ లొంగలేదు. తనకు మాత్రమే తెరచిన తలుపును ఇతరుల కొరకు పట్టుకొని నిలిచినాడు.

1775లో స్విట్జర్లండులోని రెండు గ్రామాల యూదులు, తమపై కొత్త నిర్బంధాలు రానున్నవని ఆయనను ఆశ్రయించినారు. ఆ దేశంలో ఆయన ఎరిగిన పలుకుబడి కలవాడు ఎవరు? లావాటర్! తనను అంతగా నొప్పించినవానికే స్వయంగా వ్రాసినాడు. లావాటర్ పూనుకొని సహాయం చేసినాడు. 1777లో డ్రెస్డెన్‌లో తలపన్ను చెల్లింపలేని వందలాది యూదులను వెళ్లగొట్టే ప్రయత్నం జరుగగా, అచ్చటి ఉన్నతోద్యోగికి లేఖ వ్రాసి ఆపించినాడు. తనచేత పశువుసుంకం కట్టించుకొన్న నగరమే అది. తన అవమానం గూర్చి ఆయన ఫిర్యాదు చేయలేదు. ఇతరుల ఆపద గూర్చి మాత్రం కలం పట్టినాడు.

కొంతకాలానికి అల్సాస్ ప్రాంతపు యూదులు తమ బాధలు నివేదించుకొనడానికి విజ్ఞాపన వ్రాసిపెట్టుమన్నారు. ఇక ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క యాచన చాలదని మెండెల్సన్‌కు తోచినది. ఈ విషయంపై క్రైస్తవుడే వ్రాస్తే లోకం వింటుందని, ప్రష్యా ప్రభుత్వోద్యోగియైన డోమ్ అనే యువమిత్రుని ప్రోత్సహించినాడు. 1781లో డోమ్ ప్రకటించిన గ్రంథం యూదులకు పౌరహక్కులు ఇవ్వవలెనని వాదించిన మొట్టమొదటి గొప్ప గ్రంథాలలో ఒకటి. యూదులలో దోషాలు ఉన్నవంటే అవి అణచివేతవల్ల కలిగినవేయని, చట్టం మారితే మనుష్యులు బాగుపడతారని దాని సారాంశం.

మిత్రుని గ్రంథమని మెండెల్సన్ పొగడి ఊరకుండలేదు. 1782లో ఒక పాత హెబ్రూ పండితుని గ్రంథానువాదానికి పీఠిక వ్రాస్తూ, తన భిన్నాభిప్రాయాన్ని తెలియజేసినాడు. మొదట బాగుపరచి, తరువాత హక్కు ఇవ్వడమనే మాటయే ఆయనకు రుచింపలేదు. ఏ వృత్తీ చేయనీయక, ఏ బడిలోనూ చేరనీయక, పనికిరానివారని నిందించడం ఏమి న్యాయం? బాగుపరచడం కాదు, చేర్చుకొనడం కావలె. మనిషికి హక్కు మంచితనానికి ఇచ్చే బహుమానం కాదు. బహుమానమైతే మరల తీసికొనవచ్చును గదా! తానే జీవితమంతా మంచి యూదుడనే బహుమానం మోసినవాడు గనుక ఆ బరువు ఆయనకు తెలుసు.

డోమ్ గ్రంథాన్ని ఖండించినవారిలో మిఖాయెలిస్ ఒకడు. ముప్పది యేండ్లనాడు సద్గుణవంతుడైన యూదుడు నమ్మదగనివాడన్న పండితుడే, ఇప్పుడు యూదులు ఎన్నడూ పౌరులు కాజాలరన్నాడు. మెండెల్సన్ జవాబులో ఒక చిన్న మాటను పట్టుకొన్నాడు. మిఖాయెలిస్ జర్మనులు, యూదులు అని విడదీసి వ్రాసినాడు. క్రైస్తవులు, యూదులు అని వ్రాయవలసినదిగదా అని మెండెల్సన్ ఆక్షేపణ. తరతరాలుగా ఆ నేలపై పుట్టినవారిని పరదేశులుగా పేర్కొనే దురభిప్రాయం ఒక్క మాటలో దాగి ఉంటుందని చూపినాడు.

తనవారిని కూడ ఆయన విడిచిపెట్టలేదు. మతపెద్దలకు వెలివేసే అధికారం ఉండరాదని అదే పీఠికలో వ్రాసినాడు. యూదుసంఘానికి ఆ అధికారం ఉండవచ్చునన్న డోమ్‌తోనూ ఆయన ఏకీభవింపలేదు. ఇతరుల బలవంతంనుండి విముక్తి కోరేవారు తమలో తాము బలవంతం చేయరాదని భావం. అట్లయిన యూదుమతానికి మిగిలేదేమని ఒక విమర్శకుడు ప్రశ్నించగా, 1783లో జెరూసలేం అనే గ్రంథం జవాబుగా వెలువడినది. రాజ్యానికి చేతలపై అధికారం ఉండవచ్చును. మనస్సుపై రాజ్యానికీ లేదు, మతానికీ లేదు. పౌరహక్కుల కొరకు స్వధర్మాన్ని వదులుకొనుమంటే, ఆ హక్కులు లేకుండానే ఉండవలెగాని ధర్మం వదలరాదని ఆ గ్రంథంలో తేల్చినాడు. కాంట్ దానిని చదివి ప్రశంసిస్తూ లేఖ వ్రాసినాడు.

చదువే దారి

ఉపాధ్యాయుడుగా జీవితం ప్రారంభించిన మెండెల్సన్ చివరివరకు ఉపాధ్యాయుడే. తన కుమారులకు పాఠం చెప్పడానికని తోరాను చక్కని జర్మన్‌లోనికి అనువదించి, హెబ్రూ లిపిలో వ్రాసినాడు. వ్యాఖ్యానంతో కూడ అది 1780–83లో అచ్చయినది. పిల్లలు ఎరిగిన లిపిలో, ఎరుగని భాషను ధర్మగ్రంథం ద్వారానే నేర్పే ఉపాయమది. కొందరు రబ్బీలు తీవ్రంగా వ్యతిరేకించినారు. అయినా వేలాది యూదుయువకులకు అదే మొదటి జర్మన్ వాచకమైనది. 1778లో ఆయన మిత్రులు బెర్లిన్‌లో పేద యూదుబాలుర కొరకు ఉచిత పాఠశాల స్థాపింపగా ఆయన తోడ్పడినాడు. హెబ్రూతోపాటు జర్మన్, ఫ్రెంచి, గణితం, భూగోళం నేర్పిన ఆ బడి అటువంటివాటిలో మొదటిది.

1779లో లెస్సింగ్ వివేకి నాథన్ అనే నాటకం వ్రాసినాడు. అందులోని ఉదారుడైన యూదువర్తకునికి మాతృక మెండెల్సనేనని అందరూ గుర్తించినారు. రెండేండ్లకే లెస్సింగ్ మరణించినాడు. చనిపోయిన మిత్రుడు రహస్యంగా నాస్తికప్రాయమైన మతం అవలంబించినాడని యాకోబీ అనే రచయిత ఆరోపింపగా, మిత్రుని కీర్తి కాపాడడానికి మెండెల్సన్ తన కడపటి గ్రంథం వ్రాసినాడు. 1785 డిసెంబరు చివరిరోజున, గడ్డకట్టే చలిలో వ్రాతప్రతిని తానే ప్రచురణకర్తకు అందజేసి వచ్చినాడు. జలుబు చేసినది. 1786 జనవరి 4వ తేదీన, యాబదియారవ యేట, తుదిశ్వాస విడిచినాడు. యౌవనంలో తనకోసం కలం పట్టిన మిత్రుని కొరకు చివరి రోజులు వెచ్చించినాడు.

మిగిలినది

ఆయనతోపాటు రక్షణపత్రం కూడ చెల్లిపోయినది. కొత్త రాజు 1787లో ఆయన భార్యకు, బిడ్డలకు నివాసాధికారం ప్రసాదించినాడు. అదీ అనుగ్రహమే. ప్రష్యాలోని యూదులు పౌరులని చట్టం ప్రకటించినది 1812లో. అప్పటికి ఆయన పోయి ఇరువదియారేండ్లు. ఆ చట్టం కూడ ప్రభుత్వోద్యోగాలను వెంటనే వారికి ఇవ్వలేదు. పెరిగిన ఆరుగురు సంతానంలో నలుగురు కాలక్రమాన క్రైస్తవులైనారు. సంగీతకర్తగా ప్రసిద్ధికెక్కిన ఫెలిక్స్ ఆయన మనుమడే. అతడు బాప్తిస్మం పొంది పెరిగినవాడు. తండ్రి రెండు లోకాలను రెండు చేతులతో పట్టుకొన్నాడు. బిడ్డలలో చాలమందికి ఆ బరువు మోయడం కష్టమైనది. ఆ బరువు మోయవలసిన స్థితి కల్పించినవారిని వదలి బిడ్డలను తప్పుపట్టడం సులభమే. న్యాయం మాత్రం కాదు.

ఆయనను ఖననం చేసిన బెర్లిన్ శ్మశానవాటికను 1943లో నాజీలు ధ్వంసం చేసినారు. పదునాలుగేండ్ల బాలుడు నగరద్వారం దాటి సరిగా రెండువందల సంవత్సరాలు. ఈనాడు అచ్చట ఆయన పేరిట ఒక స్మారకశిల నిలిచియున్నది.

మెండెల్సన్‌ను మెచ్చినవారు ఆయన కాలంలో కొదువలేరు. ఆయనవంటివారు ఇంకా అనేకులు ఉండవచ్చునని తలచినవారు కొద్దిమంది. మన తరగతిగదులలోనూ వెనుకబెంచీలలోని బాలుడొకడు బాగా చదివితే, నీవు మీవారిలో పుట్టవలసినవాడవు కావని మెచ్చుకొనే వాడుక ఉన్నది. ఆ మెప్పు ఆ బాలునికి తీపిగానే ఉండవచ్చు. ఇంటికి పోయి తల్లిదండ్రుల ముఖం చూచినప్పుడు అది ముల్లై గుచ్చుకొంటుంది. ఒకరిని ఎత్తడానికి పదిమందిని దించనవసరం లేదని, తలుపు తెరిస్తే అందరికీ తెరవవలెనని, రోజెంతాల్ ద్వారంలో ప్రవేశించిన ఆ గూనిబాలుని జీవితం చెబుతున్నది.